‘రెంట్’ రాసిందెవరు?

బ్రాడ్వేలో ఏ ఆటకి వెళ్ళినా సీటు చూపించే ఆవిడ చేతిలో ప్లేబిల్ అని ఒక పల్చటి పుస్తకం పెడుతుంది. చాలామంది దాంతో విసురుకుంటారు, లేదంటే ఫోటో తీసి ఫేస్‌బుక్కులో పెడతారు. నేను పేర్లు చదువుతాను. సినిమా హాల్లో టైటిల్స్ పూర్తయ్యేదాకా లేవని జాతి మాది. మాటలు ఫలానా, పాటలు ఫలానా, కథాసహకారం ఫలానా అని పడుతుంటే ‘సహకారం అంటే ఏం చేసుంటాడు పాపం?’ అని చిన్నప్పటినుంచీ ఒక అనుమానం. ఆ అనుమానాన్ని అమెరికాలో ఒక ఫెడరల్ కోర్టు కూర్చుని విచారించిందని తెలిశాక ఈ వ్యాసం రాయకుండా ఉండలేకపోయాను.

‘రెంట్’ ప్లేబిల్లో పెద్ద అక్షరాలతో ఒకటే పేరు. కథ, పాటలు, సంగీతం: జోనథన్ లార్సన్. దాని కింద చిన్న అక్షరాల్లో మిగిలినవాళ్ళు. మూల ఆలోచన, కొంత గీతరచన బిల్లీ ఆరన్సన్. సంగీతం అమరిక స్టీవ్ స్కినర్. సంగీత పర్యవేక్షణ టిమ్ వైల్. నృత్యం మార్లీస్ యర్బీ. డ్రామటర్గ్ లిన్ థామ్సన్. దర్శకత్వం మైకేల్ గ్రీఫ్. ఇంకా వెనక్కి వెళ్తే పుచ్చీని, ఆయన వెనక ఇద్దరు కవులు, వాళ్ళ వెనక ఒక ఫ్రెంచి కథకుడు. ఒక ఇంటికి ఎన్ని వాటాలో చూడండి.

మొదట ఆ పాత ఇంటి సంగతి. 1840లలో పారిస్‌లో హెన్రీ మ్యూర్జే అనే కుర్రాడు తనలాంటి డబ్బుల్లేని రచయితల, చిత్రకారుల గురించి ఒక పత్రికలో కథలు రాశాడు. పేరేమో వచ్చింది గానీ డబ్బు రాలేదు. 1849లో థియోడోర్ బారియేర్ అనే నాటకకర్త వాటిని నాటకంగా మలిచాక, ఇద్దరి పేర్లమీదా అది ఆడాక, మ్యూర్జే దశ తిరిగింది. 1851లో కథలన్నీ పుస్తకంగా వచ్చాయి. నలభై ఏళ్ళ తర్వాత ఆ పుస్తకం మీద ఇటలీలో ఇద్దరి కన్ను పడింది. పుచ్చీని, లియోంకవాల్లో ఒకే కథని ఒపెరా చేస్తున్నామని తెలుసుకుని 1893లో పత్రికలకెక్కి ‘నేను ముందంటే నేను ముందు’ అని వాదించుకున్నారు. పుచ్చీని ‘లా బోహెమ్’ 1896 ఫిబ్రవరి 1న ట్యూరిన్‌లో మొదటిసారి ఆడింది, టోస్కనీని నిర్వహణలో. రెండోది మరుసటి ఏడు వచ్చింది. ఈ రోజు దాన్ని తలుచుకునేవాళ్ళు తక్కువ.

పుచ్చీనికి కథ రాసిపెట్టినవాళ్ళు ఇద్దరు. లుయీజీ ఇల్లికా కథని అంకాలుగా విడగొట్టి పాత్రల చేత మాట్లాడిస్తే, జుసెప్పె జకోసా దానికి ఛందస్సు తొడిగేవాడు. పుచ్చీని ఇద్దర్నీ పీక్కుతినేవాడు. ఇది మార్చు, అది తియ్యి, ఈ అంకం నాకొద్దు. ఇల్లికా రాసిన ఒక అంకం అంకమే ఎగిరిపోయింది. జకోసా మానేస్తానని ఒకటికి రెండుసార్లు బెదిరించాడు. ప్రచురణకర్త రికార్డీ మధ్యలో కూర్చుని మధ్యవర్తిత్వం చేశాడు. మన సినిమా స్టోరీ సిట్టింగులు చూసినవాళ్ళకి ఇందులో కొత్తేమీ కనపడదు.

ఇప్పుడు న్యూయార్కుకి వద్దాం. 1980ల చివర్లో బిల్లీ ఆరన్సన్ అనే నాటకకర్తకి ‘లా బోహెమ్’ని ఈ కాలానికి, ఈ ఊరికి తెస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. సంగీతం చేసేవాడు కావాలని వెతుక్కుంటుంటే లార్సన్‌ని పరిచయం చేశారు. 1989లో ఇద్దరూ కలిసి మూడు పాటలు చేశారు. ఆరన్సన్ మనసులో ఉన్నది అప్పర్ వెస్ట్ సైడ్, కాస్త వెటకారం. లార్సన్‌కి కావలసింది ఈస్ట్ విలేజ్, తన చుట్టూ ఉన్న మనుషులు. పేరు కూడా లార్సన్ పెట్టిందే. ఆ ఇంగ్లీషు మాటకి అద్దె అనీ, చిరిగిపోయినదనీ రెండర్థాలు. మన ‘అద్దె’కి ఆ రెండోది లేదు. అద్దె కట్టినవాళ్ళకి అనుభవంలో ఉంటే ఉండొచ్చు. ఇద్దరికీ పొసగక పని ఆగిపోయింది. 1991లో లార్సన్ మళ్ళీ వచ్చి ‘నేనొక్కణ్ణే రాసుకోనా?’ అని అడిగాడు. ఆరన్సన్ సరేనన్నాడు. ఆడితే నా పేరు వెయ్యి, నా వాటా ఇయ్యి అని కాగితం రాసుకున్నారు. ఈ కాగితాన్ని గుర్తుపెట్టుకోండి.

ఎందుకు ఒక్కడే రాసుకోవాలనిపించింది? అప్పటికి అతని మిత్రులు ఒక్కొక్కరూ హెచ్‌ఐవీ బారిన పడుతున్నారు. వాళ్ళతో పాటు బాధితులు ఒకరినొకరు ఓదార్చుకునే సమావేశాలకి వెళ్ళేవాడు. ‘రెంట్’లో అలాంటి సమావేశం ఒకటి ఉంటుంది. అందులో వినపడే కొన్ని పేర్లు చనిపోయిన అతని స్నేహితులవే.

నన్నడిగితే మొత్తం అనుసరణకి తాళంచెవి ఇక్కడుంది. ఒపెరాలో మిమికి క్షయ. మనకి క్షయ అంటే పార్వతి గుమ్మం ముందు దగ్గుతున్న దేవదాసు, పాతకాలపు జాలి. 1896లో టిక్కెట్టు కొన్న మనిషికి అది పాతకాలపు జాలి కాదు, తన ఇంట్లో, తన వీధిలో ఉన్న భయం. ఆ భయాన్ని వందేళ్ళ తర్వాత ప్రేక్షకుడికి మళ్ళీ కలిగించాలంటే క్షయ పనికిరాదు. లార్సన్ ఆ చోట ఎయిడ్స్‌ని పెట్టాడు. జబ్బు పేరు మార్చడం వల్ల పుచ్చీనికి అతను మరింత దగ్గరయ్యాడు తప్ప దూరం కాలేదు.

మిగతా మార్పులు తెలిసినకొద్దీ ముచ్చటేస్తాయి. కవి రొడోల్ఫో గిటారు పట్టిన రోజర్ అయ్యాడు, చిత్రకారుడు మార్చెల్లో కెమెరా పట్టిన మార్క్ అయ్యాడు. అద్దెకోసం తలుపు తట్టే ముసలి బెనువా ఒకప్పటి స్నేహితుడే అయిన బెన్నీగా మారాడు. ఇంటి యజమాని శత్రువు కాక పాత దోస్తు కావడం ఎంత ఇబ్బందో ఆలోచించండి. రెండూ క్రిస్మస్ ముందురోజు రాత్రే మొదలవుతాయి. ఒపెరాలో చలికాచుకోవడానికి రొడోల్ఫో తన నాటకం రాతప్రతిని పొయ్యిలో వేస్తాడు, ఇక్కడ వీళ్ళూ కాగితాలే తగలబెడతారు. అక్కడ షోనార్ సంగీతం వినిపించి ఒక చిలకని చంపడానికి డబ్బు పుచ్చుకుంటాడు, ఇక్కడ ఏంజెల్ డప్పు కొట్టి ఒక కుక్కని చంపి సంపాదిస్తుంది. అక్కడ కొలీన్ మిమి మందులకోసం తన పాత కోటు అమ్మేస్తాడు, దానికో పాటే ఉంది. ఇక్కడ చలిలో కోటు పోగొట్టుకున్న కాలిన్స్‌కి ఏంజెల్ కోటు కొనిపెడుతుంది. కోటు చేతులు మారే దిక్కే తిరగబడింది, చూశారా? ఒకటి చావుకి ముందు చేసే త్యాగం, ఇంకోటి ప్రేమ మొదలవడం. మూల ఒపెరా తెలియనివాళ్ళకి ఇదేదీ అడ్డం రాదు. తెలిసినవాళ్ళకి మాత్రం పప్పులో నెయ్యి.

పుచ్చీని బాణీని నేరుగా వాడింది ఒక్కచోటే, అదీ పరాచికంగా. రోజర్ గిటారు మీద ఎంత గింజుకున్నా ముసెట్టా పాటే పలుకుతూ ఉంటుంది.

లార్సన్ అప్పటికి సోహోలో మూన్‌డాన్స్ డైనర్ అనే హోటల్లో వెయిటర్. దాదాపు పదేళ్ళు అదే పని. వారానికి కొన్ని రోజులు కాఫీలు పొయ్యడం, మిగతా రోజులు రాసుకోవడం. అంతకుముందు ‘సుపర్బియా’ అని ఏళ్ళ తరబడి రాసిన మ్యూజికల్ పూర్తిస్థాయిలో ఎక్కడా ఆడలేదు. ఆ ఉక్రోషంలో ‘టిక్, టిక్... బూమ్!’ అని ముప్ఫయ్యో పుట్టినరోజు భయం మీద ఒక ఏకపాత్ర చేసి తనే పియానో ముందు కూర్చుని పాడాడు. సాండ్‌హైమ్ అంతటి పెద్దాయన ఉత్తరాలు రాసి ప్రోత్సహించినా, సిఫారసు చేసినా, అద్దె మాత్రం కాఫీలే కట్టాయి.

1992లో సైకిల్ మీద ఈస్ట్ నాలుగో వీధిలో వెళ్తుంటే న్యూయార్క్ థియేటర్ వర్క్‌షాప్ కొత్త భవనం బాగుచేసుకుంటూ కనపడింది. ఇదే నా నాటకానికి చోటు అనుకుని రాతప్రతి, పాటల టేపు ఇచ్చొచ్చాడు. దాని కళాదర్శకుడు జేమ్స్ నికోలా విన్నాడు. పాటలు బావున్నాయి, కథ గందరగోళంగా ఉంది. 1993లో ఒకసారి చదివించి చూశారు. 1994లో రిచర్డ్ రాడ్జర్స్ పేరుమీద ఇచ్చే అవార్డు డబ్బుతో చిన్న ప్రదర్శన చేశారు. మైకేల్ గ్రీఫ్ వచ్చింది అప్పుడే. గ్రీఫ్ తీపి తక్కువ మనిషి. లార్సన్‌కి ఆశ ఎక్కువ, గ్రీఫ్‌కి అనుమానం ఎక్కువ. ఆ రెంటి మధ్య నాటకం నిలబడిందని నా అభిప్రాయం. ఆ చిన్న ప్రదర్శన చూసిన జెఫ్రీ సెల్లర్, కెవిన్ మెకోలమ్ అనే ఇద్దరు యువ నిర్మాతలు చేతులు కలిపారు.

కథ గందరగోళం మాత్రం తీరలేదు. ఒక నాటకకర్తని పక్కన పెట్టుకోమని నికోలా అంతకుముందే చెప్పి చూశాడు. లార్సన్ ససేమిరా అన్నాడు. నా నాటకం నేనే రాసుకుంటాను. చివరికి 1995లో సహరచయితకి కాదు గానీ డ్రామటర్గ్‌కి ఒప్పుకున్నాడు.

డ్రామటర్గ్‌కి తెలుగులో మాట లేదు. రచయిత పక్కన కూర్చుని ‘ఈ పాత్రకి ఏం కావాలి? ఈ సీను ఎందుకుంది? ఇది ముందే తెలిస్తే బావుంటుంది కదా?’ అని అడిగే మనిషి. రాసేది తను కాదు, రాయించేది తను. మన దగ్గర ఈ పని చేసేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. చర్చల్లో కూర్చునే పెద్దమనిషి అంటాం, టీ ఇస్తాం, పేరు వెయ్యం. నాటకరచన నేర్పే ఉపాధ్యాయిని లిన్ థామ్సన్‌కి ఈ పనికి వర్క్‌షాప్ ఇచ్చిన ఫీజు 2,000 డాలర్లు. ఆవిడా లార్సనూ కూర్చుని పాత్రల కథలు మళ్ళీ మొదటినుంచీ రాసుకున్నారు. అక్టోబరుకి కొత్త ప్రతి తయారైంది. 1994 ప్రతినీ దీన్నీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళంతా ఇది వేరే నాటకం అన్నారు. అదే అక్టోబరులో లార్సన్ డైనర్ ఉద్యోగం మానేశాడు.

1996 జనవరి 24 రాత్రి చివరి డ్రెస్ రిహార్సల్. అంతకుముందు కొద్దిరోజులుగా ఛాతీ నొప్పి. రెండు ఆసుపత్రుల్లో చూపించుకుంటే ఒకచోట తిండి పడలేదన్నారు, ఇంకోచోట వైరస్ జ్వరం లాంటిదేదో అన్నారు. ఆ రాత్రి రిహార్సల్ అయ్యాక న్యూయార్క్ టైమ్స్ సంగీత విమర్శకుడు ఆంథనీ టొమాసీనీ అతన్ని టిక్కెట్లమ్మే చిన్న గదిలో కూర్చోబెట్టి మాట్లాడించాడు. ‘లా బోహెమ్’కి వందేళ్ళు నిండుతున్నాయన్నది ఆయన వెతుక్కుంటూ వచ్చిన కథ. లార్సన్ ఇంటికెళ్ళాడు. టీకి నీళ్ళు పెట్టుకుని వంటింట్లో కుప్పకూలాడు. 25 తెల్లవారుజామున అతని గదిలో ఉండే మిత్రుడు చూసేసరికి ప్రాణం పోయింది. గుండెనుంచి వెళ్ళే బృహద్ధమని చీలింది. ముప్ఫయ్యైదేళ్ళు. ఇంకో పది రోజుల్లో పుట్టినరోజు.

ఆ సాయంత్రమే టిక్కెట్లమ్మి ఆడాల్సిన మొదటి ఆట. ఆట ఆపేశారు. అతని ఇంటివాళ్ళూ స్నేహితులూ వచ్చారు. నటులు కుర్చీల్లో కూర్చుని పాటలు మాత్రం పాడదామనుకున్నారు. మొదటి అంకం చివర్లో అందరూ బల్లచుట్టూ చేరి గోల చేసే పాట వచ్చేసరికి ఎవరూ కూర్చోలేకపోయారు. బల్ల ఎక్కారు. రెండో అంకమంతా వేషం వేసినట్టే ఆడేశారు. ఆ నటుల్లో జెస్సీ మార్టిన్ డైనర్‌లో లార్సన్‌తో పాటు బల్లలు తుడిచినవాడు. రోజర్ వేసిన ఆడమ్ పాస్కల్‌కి అది మొదటి నాటకం.

ఆ తర్వాత వచ్చిన చిక్కు నన్ను ఎక్కువ కుదిపింది. కొత్త మ్యూజికల్‌కి ఆ తొలి వారాలే ప్రాణం. రచయిత వెనక వరసలో కూర్చుని జనం ఎక్కడ దగ్గుతున్నారో, ఎక్కడ నవ్వుతున్నారో చూసుకుంటాడు. తెల్లారేసరికి కొత్త పాట తెస్తాడు, పాతది తీసేస్తాడు. ఇక్కడ రచయిత లేడు. గ్రీఫ్, నికోలా, వైల్, థామ్సన్ మిగిలారు. ఎక్కడ బాగాలేదో నలుగురికీ తెలుసు. బాగుచెయ్యడానికి చెయ్యి ఎవరిది? కత్తిరించొచ్చు గానీ కొత్తగా కలపకూడదన్న పద్ధతిలో, అక్కడక్కడా చిన్న సర్దుబాట్లతో పని ముగించారు. ‘రెంట్’ రెండో అంకం ఇప్పటికీ పరుగులు తీస్తూ, ఏడాది కథని గబగబా మింగుతూ సాగడానికి ఇదే కారణమని నేననుకుంటాను. అది చిత్తుప్రతి. రచయిత ఉంటే మార్చేవాడే. ఉన్నట్టుండి పోయినవాళ్ళ గురించిన నాటకం కనక ఆ గతుకులు కూడా దానికి అతికాయి.

చివర్లో మిమి చావు అంచుదాకా వెళ్ళి తిరిగొస్తుంది. పుచ్చీని చంపాడు, లార్సన్ బతికించాడు. విమర్శకులు కొందరు ఇది సినిమాటిక్ అబద్ధమన్నారు. ఏమాటకామాటే, నాకూ అక్కడ కొంచెం ఎబ్బెట్టుగానే ఉంటుంది. అయితే ఆ ఏడే హెచ్‌ఐవీకి కొత్త మందుల కలయిక వచ్చి, చావుకి సిద్ధపడ్డ ఎందరో నిజంగానే వెనక్కొచ్చారు. లార్సన్‌కి ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు.

ఏప్రిల్ 29న బ్రాడ్వేలో నెదర్లాండర్ థియేటర్‌కి మారింది. పులిట్జర్ వచ్చింది, నాలుగు టోనీలు వచ్చాయి. 2008 సెప్టెంబరు 7న ఆపేసేదాకా 5,123 ఆటలు.

నేను చూసింది ఆ ఆఖరి వేసవిలో. ముందు రెండు వరసల సీట్లు 20 డాలర్లకి లాటరీలో ఇచ్చేవారు. డబ్బున్నవాళ్ళకి అమ్ముకునే సీట్లని డబ్బుల్లేని పిల్లలకి ఇవ్వడం నిర్మాతల ఆలోచన. నాటకం ఎవరి గురించో వాళ్ళు అసలు లోపలికి రాలేకపోతే ఎలా అని. న్యూజెర్సీ నుంచి బస్సులో వెళ్ళి, నలభై ఒకటో వీధిలో కాగితమ్మీద పేరు రాసి, మూడోసారికి గెలిచాను. మొదటి వరస మధ్యలో సీటు. వేదిక మీద ఒక ఇనప బల్ల, ఇనప చెత్తతో అల్లిన క్రిస్మస్ చెట్టు, ఓ పక్క అయిదుగురు వాద్యగాళ్ళు, పదిహేనుమంది నటులు. సురభివాళ్ళ తెరలూ మాయలూ చూసి పెరిగిన కళ్ళకి మొదట దరిద్రంగా అనిపించింది. పాటలోనే కథంతా నడవడం మాత్రం కొత్తగా అనిపించలేదు, పద్యనాటకం విన్నవాళ్ళం కదా. తర్వాతెప్పుడో మెట్రపాలిటన్ ఒపెరాలో అన్నిటికన్నా పై అంతస్తులో కూర్చుని జెఫిరెల్లి చేసిన ‘లా బోహెమ్’ చూశాను. అక్కడ రెండో అంకంలో వేదిక మీద వందలమంది, ఒక గాడిదతో సహా. ముందు సీటు వెనక బుల్లి తెరమీద అనువాదం చదువుకుంటూ, మిమి పోతున్నప్పుడు నా పక్కన కూర్చున్న ముసలాయన ముక్కు చీదడం విన్నాను. అక్కడ పేదరికం చాలా ఖరీదైనది.

ఇక కోర్టు సంగతి. నాటకం బ్రాడ్వేకి వెళ్ళాక థామ్సన్ లార్సన్ కుటుంబాన్ని రాయల్టీలో వాటా అడిగింది. వాళ్ళు ఒక శాతం ఇస్తామన్నారు. బేరం కుదరలేదు. తను సహరచయితనని, రచయిత వాటాలో 16 శాతం రావాలని ఆవిడ దావా వేసింది. కోర్టు ఆవిడ ఏమీ చెయ్యలేదని అనలేదు. కొన్ని మాటలు, కొన్ని కథాంశాలు ఆవిడవేనని ఒప్పుకుంది. అయితే చట్టం ప్రకారం ఇద్దరు సహరచయితలు కావాలంటే, మేమిద్దరం కలిసి రాస్తున్నామన్న ఉద్దేశం ఇద్దరికీ ఉండాలి. లార్సన్‌కి లేదు. ఎవరినీ పక్కన రాయనివ్వనని అంతకుముందు అన్నదే సాక్ష్యం. ఆరన్సన్‌తో రాసుకున్న కాగితం లాంటిది ఇక్కడ లేదు. 1998లో అప్పీలు కోర్టూ అదే తేల్చింది. ఆవిడ రాసిన ముక్కల మీద ఆవిడకి విడిగా హక్కుందా అన్న ప్రశ్న మాత్రం ఆ దావాలో లేదని వదిలేసింది. ఆ దారం పట్టుకుని ఇంకో దావా పడేలోపు రెండు పక్షాలూ రాజీపడ్డాయి.

చట్టం తర్కం నాకర్థమవుతుంది. సలహా ఇచ్చిన ప్రతివాడూ వాటాకొస్తే ఏ రచయితా ఎవరికీ రాతప్రతి చూపించడు. కానీ ‘ఉద్దేశం’ అనే తూకపురాయి ఎవరి చేతిలో ఉంది? పెద్ద అక్షరాలవాడి చేతిలో. అతనొప్పుకుంటే నువ్వు రచయితవి, ఒప్పుకోకపోతే సహాయకురాలివి, చేసిన పని అదే అయినా. పైగా ఇక్కడ ఒప్పుకోవాల్సినవాడు మట్టిలో ఉన్నాడు. బతికుంటే వాళ్ళిద్దరూ ఏదో ఒక డైనర్‌లో కూర్చుని తేల్చుకునేవారేమో.

సేరా షూల్మన్ అనే నవలాకారిణిది ఇంకో ఫిర్యాదు. 1990లో వచ్చిన తన నవల ‘పీపుల్ ఇన్ ట్రబుల్’ నుంచి ‘రెంట్’ కొంత కథ ఎత్తుకుందని ఆవిడ ‘స్టేజ్‌స్ట్రక్’ అనే పుస్తకంలో రాసింది. అందులో నాకు నిలిచిపోయింది చౌర్యం ఆరోపణ కాదు. ఎయిడ్స్ కాలంలో చచ్చిపోయిన స్వలింగప్రేమికుల బాధని తీసుకొచ్చి బ్రాడ్వే మధ్యలో ఆడామగా ప్రేమకథని నిలబెట్టిందన్న ఫిర్యాదు. ‘రెంట్’ అంటే నాకిష్టమే. ఈ ఫిర్యాదు చదివాక రోజర్, మిమిల కన్నా ఏంజెల్, కాలిన్స్‌ల కథ దగ్గరే ఎక్కువసేపు ఆగుతున్నాను.

లార్సన్ పోయాక అతని ‘టిక్, టిక్... బూమ్!’ని ఏంచెయ్యాలన్న ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఒక్క మనిషి పియానో ముందు తన గోడు చెప్పుకునే ముక్క అది. అతను లేకుండా ఆడదు. డేవిడ్ ఆబర్న్ అనే నాటకకర్త దాన్ని ముగ్గురు నటుల నాటకంగా మార్చి కట్టాడు. 2001లో ఆడింది. ఇరవయ్యేళ్ళ తర్వాత లిన్-మాన్యుయెల్ మిరాండా దాన్ని సినిమా తీశాడు. ఈసారి ఎవరూ కోర్టుకెళ్ళలేదు. ఆ నాటకం కరపత్రం మీద కథ, పాటలు, సంగీతం జోనథన్ లార్సన్ అనే ఉంటుంది. ఆబర్న్ పేరు పక్కన ‘స్క్రిప్ట్ కన్సల్టెంట్’ అని వేశారు, చిన్న అక్షరాల్లో.